పాత నెట్‌వర్క్ స్విచ్‌లో ప్యాకెట్లు జారిపోతుంటే: బాగుచేయించాలా, మార్చేయాలా?

నెట్‌వర్క్ పూర్తిగా పడిపోతే నాకు హాయి. ఎక్కడ తెగిందో గంటలో దొరికిపోతుంది. అప్పుడప్పుడూ పడి, మనం వెళ్లేసరికి ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేదే ప్రాణం తీస్తుంది. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసు నుంచి అలాంటి ఫోనే వచ్చింది. "బాబూ, పొద్దున బానే ఉంటది. మజ్జానం అన్నాలు తిని వచ్చి కూర్చుంటామా, అప్పుడు మొదలవుద్ది. బిల్లు కొడితే ఆ గుండ్రం తిరగతా ఉంటది, తిరగతానే ఉంటది" అన్నారు గుమస్తాగారు. వెళ్లి చూస్తే అటక కింద ర్యాకులో పదకొండేళ్ల నాటి 24 పోర్టుల స్విచ్, అంటే కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టె. మూత తీయగానే అక్కడున్న ముగ్గురం తుమ్మాం. లోపలంతా ఎర్రటి పొడి. ఫ్యాను రెక్కలు ఆ పొడిలో అతుక్కుపోయి, కదలడం మానేసి ఎన్నాళ్లయిందో.

అక్కడ నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఆ ఫ్యాను చూశాక ఇంకేమీ చూడలేదు. మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులూ లెక్కలూ చూపించని రకం) కొత్తది తెప్పించి, కేబుళ్లన్నీ అందులోకి మార్చేసి వచ్చాను. ఆఫీసు గదిలో బాధ పోయింది. పది రోజులకి మళ్లీ ఫోను: "గేటు దగ్గర కాటా కంప్యూటరు మాత్రం అట్నే ఉందయ్యా." ఏమైందని కొత్త స్విచ్‌ని అడుగుదామంటే దానికి నోరు లేదు. లైట్లు మిణుకుమంటాయి, అంతే. చివరికి ఆ పాతదాన్నే దులిపి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, కాటా కేబుల్ దానికి తగిలించి పోర్టు లెక్కలు తెరిస్తే, సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైపోయి వచ్చినవాటి లెక్క) కళ్లముందే పెరుగుతున్నాయి. అక్కడ ఉన్నది ఒక రోగం కాదు, రెండు. నేను ఒకదానికి మందేసి, రెండోదాన్ని చూపించే కళ్లజోడు తీసి పారేశాను.

అందుకే ఈ పోలిక ధరతో మొదలుపెట్టను. ఏ స్విచ్ తీసుకోవాలన్నా నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: రేపు మళ్లీ ప్యాకెట్లు (కంప్యూటర్లు పంపుకునే డేటా మూటలు) పోతే ఇది నాకేమైనా చెప్తుందా?

ముందు ఎప్పుడు పోతున్నాయో చూడండి

కొనడానికి బయల్దేరే ముందు రెండు రోజులు ఒక కాగితం పెట్టి, ఆగినప్పుడల్లా టైము రాయించండి. ఏ టూలూ ఇవ్వనంత సమాచారం అందులో ఉంటుంది.

మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి సర్దుకుంటుంటే వేడి. పాత స్విచ్‌లో ముందు ముసలివయ్యేవి పవర్ సప్లైలో కరెంటుని సాఫీ చేసే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న కెపాసిటర్, వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా రెట్టింపు కాలం బతుకుతుందని మోటు లెక్క. 55 డిగ్రీల్లో ఉంటే 64,000 గంటలు, అంటే ఏడేళ్ల పైన. 65కి వెళ్తే 32,000 గంటలే. మూడున్నరేళ్లు దాటితే గొప్ప. మే నెలలో గుంటూరులో నీడపట్టునే 44, 45 ఉంటుంది. ఫ్యాను ఆగిన ఇనప డబ్బాలో ఎంతుంటుందో ఊహించుకోండి. కెపాసిటర్ ఎండిపోయే కొద్దీ లోపలికి వెళ్లే డీసీ కరెంటు అలలు అలలుగా తయారవుతుంది. స్విచ్ ఆరిపోదు, లింకు లైటూ పోదు. చిప్ మాత్రం నడుమ నడుమ తడబడుతుంది.

వాన పడ్డప్పుడు మొదలైతే ఆరుబయట నుంచి వచ్చే కేబుల్‌నో జాయింట్‌నో అనుమానించండి. రాత్రిళ్లు కెమెరాలు మాత్రమే ఆరిపోయి వెలుగుతుంటే పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) చూడాలి: చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి వాడకం పెరుగుతుంది, ముసలి పవర్ సప్లై ఆ బరువు మొయ్యలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆగుతుంటే మాత్రం దాన్ని ప్యాకెట్ లాస్ అనుకోకండి, స్విచ్చే రీస్టార్ట్ అవుతోంది. లెక్కలు చూపించే మేనేజ్డ్ స్విచ్ అయితే అప్‌టైమ్ చూడండి. ఏడాదిగా ఎవరూ ముట్టుకోని స్విచ్ "నేను లేచి మూడు గంటలే అయింది" అంటే ఇక వేరే వెతుకులాట అక్కర్లేదు, యూపీఎస్ దగ్గరికి నడవండి.

ఎవరైనా పెద్ద ఫైలు కాపీ చేస్తున్నప్పుడే నత్తనడక అయితే అది వేరే కథ, కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒకటి, డ్యూప్లెక్స్ పొసగకపోవడం. ఎప్పుడో ఎవరో ఒక కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డును 100 ఫుల్ (100 మెగాబిట్, ఫుల్ డ్యూప్లెక్స్) అని బిగించేసి ఉంటారు. స్విచ్ వైపు ఆటోలో ఉంటుంది. ఆటోలో ఉన్న పోర్టు ఎదుటివాడి వేగం పసిగట్టగలదు గానీ డ్యూప్లెక్స్ పసిగట్టలేక హాఫ్‌కి దిగిపోతుంది. ఒకడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు అనుకుంటాడు, ఇంకొకడు వంతులవారీగా అనుకుంటాడు. ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ (అవతలి కంప్యూటర్‌ని 'ఉన్నావా' అని పలకరించే పరీక్ష) బ్రహ్మాండంగా వస్తుంది. పని పెరిగితే గొడవ. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగే ఢీకొట్టుళ్లు), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు కనిపిస్తే ఇదే. రెండు వైపులా ఆటోలో పెట్టండి, ఖర్చు సున్నా. రెండోది, సర్వర్ గిగాబిట్ (1,000 మెగాబిట్) పోర్టులో, వాడేవాళ్లు 100 మెగాబిట్ పోర్టుల్లో ఉండటం. పెద్ద కాలువ నీళ్లు చిన్న తూములోకి వచ్చినట్టు బఫర్ (ప్యాకెట్లు వేచి ఉండే చోటు) నిండి పొర్లిపోతుంది. లెక్కల్లో ఔట్‌పుట్ డ్రాప్స్ అని కనిపించేవి ఇవే. స్విచ్ చెడిపోలేదు, కాలం చెల్లింది. కొత్తది కొనడం నిజంగా మందయ్యే సందర్భాల్లో ఇదొకటి.

రెండు సైజుల పింగ్

విండోస్‌లో మామూలుగా కొట్టే పింగ్ 32 బైట్లదే. అది 100కి 100 వచ్చిందని చాలామంది కేబుల్ బాగుందని తేల్చేస్తారు. అదే పింగ్‌ని 1,472 బైట్లతో కొట్టండి. హెడర్ల (ముందు ఉండే చిరునామా భాగాల) 28 బైట్లు కలిస్తే 1,500 నిండుతుంది. వైరు మీద చిన్న ఫ్రేము (ప్యాకెట్‌ని మోసుకెళ్లే మూట) కంటే ఈ ఫ్రేము సుమారు 20 రెట్లు పొడవు. వానలో గిన్నె కంటే పళ్లెంలో ఎక్కువ చినుకులు పడినట్టు, అక్కడక్కడా బిట్లు చెడుతుంటే పెద్ద ఫ్రేములకే ఎక్కువ దెబ్బ తగులుతుంది. పెద్దవి పోతూ చిన్నవి వస్తుంటే కేబుల్, కనెక్టర్, పోర్టు వైపు చూడండి. రెండూ ఒకేలా, గుంపులు గుంపులుగా పోతుంటే స్విచ్ ఉక్కిరిబిక్కిరి అవుతోందనో, లూప్ (ప్యాకెట్లు గిరగిరా తిరిగే వలయం) ఏర్పడిందనో, రీస్టార్ట్ అవుతోందనో అర్థం. ఒక్కో సైజుకి వెయ్యి కొట్టండి. పావుగంట దాటుతుంది, ఈలోపు టీ తాగి రావచ్చు. నాలుగు పింగ్‌లు కొట్టి తీర్పు చెప్పకండి.

ఇంకో మాట. పింగ్‌ని స్విచ్ సొంత ఐపీకి (నెట్‌వర్క్ చిరునామాకి) కొట్టి, అక్కడ రెండు పోయాయని స్విచ్‌ని ఉరితీయొద్దు. కంప్యూటర్ల మధ్య ప్యాకెట్లను తోసేది లోపలి స్విచింగ్ చిప్. స్విచ్ ఐపీకి వచ్చిన పింగ్‌కి బదులిచ్చేది పక్కనుండే చిన్న సీపీయూ. దానికి అది ఆఖరి పని. ఒక పోర్టు కంప్యూటర్ నుంచి ఇంకో పోర్టు కంప్యూటర్‌కి కొట్టండి.

తర్వాత మార్చి చూడటం. ముందు ప్యాచ్ కార్డ్ (రెండు చివరలా ప్లగ్గున్న పొట్టి కేబుల్), ఆ తర్వాత పోర్టు. జబ్బు కేబుల్‌తో పాటు కొత్త పోర్టుకి నడిచొస్తే కేబుల్‌దే. పాత పోర్టులోనే ఉండిపోతే స్విచ్‌ది. పక్కపక్క నాలుగో ఎనిమిదో పోర్టులు కలిసి ఇబ్బంది పెడుతుంటే, వాటన్నిటికీ లోపల ఒకే చిప్ ఉండి అది దెబ్బతినే అవకాశం ఎక్కువ. పిడుగు పడ్డ తర్వాత ఇలా కావడం మామూలే. గిగాబిట్ పోర్టుకి తగిలించిన కంప్యూటర్ 100 దగ్గరే ఆగిపోతుంటే వైర్లు లెక్కపెట్టండి: 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. క్రింపింగ్‌లో (ప్లగ్గు బిగించిన చోట) నీలం జతో గోధుమ జతో వదులై ఉంటుంది.

ఇంత చేశాక కూడా వేలు స్విచ్ వైపే చూపిస్తుంటే, అప్పుడు డబ్బు సంగతి మాట్లాడదాం.

బాగుచేయించడం

బయట అడాప్టర్ ఉన్న చిన్న స్విచ్ అయితే ముందు అడాప్టరే మార్చండి. లోడు మీద ఉండగా మల్టీమీటర్ పెడితే, 12 వోల్టులు రావాల్సిన చోట 10 వస్తుంటే ఇంకేం చూడాలి? అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు, అదే పిన్ను, అదే పోలారిటీ. ఎన్నో స్విచ్‌లు ఇంత చిన్న విషయానికి చెత్తబుట్ట పాలయ్యాయి.

లోపల పవర్ సప్లై ఉండే ర్యాక్ స్విచ్‌లో ఫ్యాను మార్చడం సులువే. ఎక్కువగా 40 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాను ఉంటుంది, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. పాత ఫ్యానుకి మూడు వైర్లుంటే మూడు వైర్లదే తేవాలి. మూడోది తిరుగుడు వేగం చెప్పేది. అది లేకపోతే ఫ్యాను గిర్రున తిరుగుతున్నా స్విచ్ మాత్రం చెడిపోయిందని గోల పెడుతూనే ఉంటుంది. కెపాసిటర్లు మార్చడం మాత్రం చేయి తిరిగినవాళ్ల పని. 230 వోల్టుల ఏసీ డీసీగా మారాక పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవుంటుంది. ప్లగ్గు పీకినా కాసేపు అలాగే ఉంటుంది. యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

రిపేరు ఎప్పుడు సబబంటే: పోర్టులన్నీ గిగాబిట్టై ఉండి, ఎర్రర్ల లెక్కలు శుభ్రంగా ఉండి, ఫ్యానో అడాప్టరో మాత్రమే పోయినప్పుడు. రెండు మూడు పోర్టుల్లో ఎర్రర్లు వస్తూ, వాటికి టేపు అంటించి నెట్టుకొస్తుంటే అక్కడ రిపేరుకి పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

సెకండ్‌హ్యాండ్ పెద్ద కంపెనీ స్విచ్

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగితే, కార్పొరేట్ ఆఫీసుల్లోంచి వచ్చిన స్విచ్‌లు తక్కువకి దొరుకుతాయి. నోరున్న స్విచ్ కావాలి అన్నాను కదా, వీటికి బోలెడంత నోరు. ఏ పోర్టులో ఎన్ని సీఆర్‌సీ, ఎన్ని రంట్లు (మరీ పొట్టి ఫ్రేములు), ఎన్ని డ్రాపులు, ఏ క్షణాన లింకు పడి లేచింది, అన్నీ చెప్తాయి. పని నేర్చుకునే కుర్రాళ్లకి ఇంతకన్నా మంచి గురువు లేదు.

అయినా ఆఫీసుకి పెట్టాలంటే నేను వెనకాడతాను. ఒక ముసలిదాన్ని తీసి ఇంకో ముసలిదాన్ని పెట్టడమే అది. దాని కెపాసిటర్లూ ఎక్కడో వేడిలో ఉడికి వచ్చినవే. పైగా పేరు చూసి మోసపోవచ్చు. సిస్కో కాటలిస్ట్ 2960 అనగానే గొప్పగా ఉంటుంది గానీ, 2960-24టీటీ లాంటి పాత మోడళ్లలో 24 పోర్టులూ 100 మెగాబిట్‌వే, గిగాబిట్ రెండే. 2960-ఎక్స్ అయితే అన్నీ గిగాబిట్, కానీ సిస్కో 2022 అక్టోబరులోనే దాని అమ్మకం ఆపేసింది. నకిలీలూ తిరుగుతున్నాయి: 2020లో ఎఫ్-సెక్యూర్ సంస్థ నకిలీ 2960-ఎక్స్ స్విచ్‌లను విప్పి పరిశీలించి నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయగానే అవి పనిచేయడం మానేశాయి, అప్పుడే బయటపడింది. 2018 ఏప్రిల్‌లో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే (దూరం నుంచే స్విచ్‌ని సెట్ చేసే) సౌకర్యంలోని లొసుగు పట్టుకుని ఇరాన్, రష్యాల్లో సిస్కో స్విచ్‌ల కాన్ఫిగరేషన్లు (సెట్టింగులు) చెరిపేశారు. కొన్నది ఆ తరానిదైతే ఆ సౌకర్యాన్ని ఆపేయాలి, పాత యజమాని కాన్ఫిగరేషన్ మొత్తం తుడిచేయాలి.

కొనాల్సిందే అనుకుంటే కొట్లోనే అరగంట ఆన్ చేసి ఉంచండి. ఫ్యాను, టెంపరేచర్, పవర్ సరిగా ఉన్నాయని స్విచ్చే చెప్పాలి. ల్యాప్‌టాప్‌తో ప్రతి పోర్టులోనూ లింకు చూడండి. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. స్టిక్కర్ మీది సీరియల్ నంబరూ లోపల కనిపించే నంబరూ ఒకటేనా చూసుకోండి. రాత్రి పడుకునే గదిలో మాత్రం పెట్టకండి, ఆ ఫ్యాను హోరుకి కలలు కూడా రావు.

కొత్తది, కానీ ఏది?

అన్‌మేనేజ్డ్ స్విచ్ ఇల్లు, చిన్న కొట్టు, నాలుగైదు కంప్యూటర్ల ఆఫీసుకి సరిపోతుంది. ఎనిమిది పోర్టుల గిగాబిట్‌ది రెండు వేల లోపే వస్తుంది. ఫ్యాను ఉండదు, కాబట్టి ఆగిపోయే ఫ్యానూ ఉండదు. కరెంటు వచ్చిన కొన్ని క్షణాల్లో లేస్తుంది. ఇన్ని మంచి గుణాలున్నా పది కేబుళ్లు దాటిన చోట దాన్ని నడిబొడ్డున పెట్టడం నాకిష్టం లేదు. ఎవరో ఊడ్చేటప్పుడు నేల మీద వేలాడుతున్న కేబుల్ కొనని తీసుకెళ్లి అదే స్విచ్‌లో ఇంకో రంధ్రంలో గుచ్చేస్తారు. అంతే, లూప్. ఆఫీసంతా ఆగిపోతుంది, లైట్లన్నీ ఒకే తాళంలో కొట్టుకుంటాయి, ఏ పోర్టో చెప్పే దిక్కు లేదు. ఒక్కో కేబుల్ పీకుతూ కూర్చోవాలి.

దీనికీ పెద్ద మేనేజ్డ్‌కీ మధ్యలో ఉండేది స్మార్ట్ స్విచ్. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. టీపీ-లింక్, నెట్‌గేర్, డీ-లింక్ అందరి దగ్గరా ఉన్నాయి. ఎనిమిది పోర్టుల దానికి మామూలు దానికంటే పెట్టాల్సింది కొద్దిగా ఎక్కువ, వచ్చేది చాలా ఎక్కువ. టీపీ-లింక్ ఈజీ స్మార్ట్ తరహా స్విచ్‌లో ఒక్కో పోర్టు ఎదురుగా వచ్చినవాటిలో మంచివెన్ని, చెడ్డవెన్ని అని గడులుంటాయి. నెట్‌గేర్ ప్లస్ వాటిలో సీఆర్‌సీ లెక్క ఉంటుంది. లూప్‌ని పట్టుకుంటాయి. కేబుల్ టెస్టు కూడా ఉంటుంది: ఏ పోర్టు కేబుల్ దాదాపు ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెప్తుంది. మిల్లీమీటర్ల లెక్క ఆశించకండి గానీ, తప్పు గోడకి ఇవతలా అవతలా తెలిస్తే చాలు కదా. నా ఓటు దీనికే. పదిహేను, ఇరవై కంప్యూటర్ల ఆఫీసుకి కళ్లు మూసుకుని దీన్నే చెప్తాను. కొన్నాక పాస్‌వర్డ్ మార్చడం మర్చిపోవద్దు, వేసిన పాస్‌వర్డ్ ర్యాకు తలుపు లోపల రాసి పెట్టండి. పదేళ్ల తర్వాత వచ్చే నాలాంటివాడు దీవిస్తాడు.

పూర్తి మేనేజ్డ్ స్విచ్, వీలాన్‌లు (ఒకే స్విచ్‌ని వేర్వేరు నెట్‌వర్కులుగా పంచేవి), స్పానింగ్ ట్రీ (లూప్ రాకుండా కాసేది), లాగ్ సర్వర్, ఇవన్నీ చూసుకునే మనిషి జీతం మీద ఉన్న చోటికే. మనిషి లేకుండా అది పెడితే కొత్త తలనొప్పి: పోర్టుఫాస్ట్ (ఆ ఆగుడు లేకుండా చేసే సెట్టింగు) పెట్టకపోతే పాత తరహా స్పానింగ్ ట్రీ ప్రతి పోర్టునీ 30 సెకన్లు ఆపుతుంది. కంప్యూటర్ ఆన్ చేసినవాళ్లకి ఐపీ రాక "నెట్ లేదు" అంటారు, నిమిషానికి అదే వస్తుంది. మీరు మళ్లీ ప్యాకెట్ లాస్ అంటూ మొదటికొస్తారు.

పీఓఈ కావాలంటే పోర్టుల సంఖ్య కాదు, మొత్తం వాట్లు చూడండి. ఒక్కో పోర్టు పాత పద్ధతిలో 15.4, పీఓఈ ప్లస్‌లో 30 వాట్లు ఇస్తానంటుంది గానీ, అన్ని పోర్టులూ ఒకేసారి అడిగితే ఇచ్చేంత శక్తి చౌక స్విచ్‌కి ఉండదు. కెమెరాల రాత్రి వాడకం కూడి, దాని మీద పాతిక శాతం వదిలి కొనండి.

కాటా సంగతి

ఏ స్విచ్ మార్చినా మారని కేసు అది. ఆఫీసు నుంచి గేటు దాకా కేబుల్ వెంట నడిచాను. రాగి కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. గోడల్లో 90, రెండు వైపులా ప్యాచ్ కార్డులకి 10 అని లెక్క. అక్కడ నా అడుగుల్లో 140 దాటింది. మధ్యలో, మిర్చి టిక్కీలు దించే షెడ్డు చూరు కింద, రెండు ముక్కలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింట్. టేపు విప్పితే తీగ పైన రాగి రంగు, గీరితే లోపల తెల్లటి అల్యూమినియం. "ఇది ఎవరేశారండీ?" అనడిగితే గుమస్తాగారు ఆకాశం వైపు చూశారు.

అలాంటి దూరానికి ఏ రాగీ వద్దు. సింగిల్ మోడ్ ఫైబర్ (దూరాలకి వాడే గాజు తీగ) ఒకటి లాగి, ఇటొకటి అటొకటి మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగుని రాగి కేబుల్ సిగ్నల్‌గా మార్చే డబ్బాలు) పెట్టాం. దూరం బెంగ లేదు, పైగా గేటు దగ్గర పిడుగు పడితే ఆ దెబ్బ ఫైబర్ మీదుగా ఆఫీసు స్విచ్‌కి నడిచిరాదు. వేర్వేరు భవనాల మధ్య స్విచ్ ధర గురించి తర్జనభర్జన పడేవాళ్లు ముందు ఈ తీగ ధర కనుక్కోవాలి.

ఆఫీసులో నేను తెచ్చిన మూగ స్విచ్‌ని పక్క గది కెమెరా రికార్డర్ దగ్గరికి తరలించి, ర్యాకులో ఫ్యాను లేని 24 పోర్టుల స్మార్ట్ స్విచ్ పెట్టాను. ర్యాకుని అటక కింద నుంచి తీయించి, టిక్కీల షెడ్డుకి దూరంగా ఉన్న గోడకి మార్పించాను. పాతదానికి ఫ్యాను వేసి, ప్లాస్టిక్ కవరు చుట్టి బీరువా పైన ఉంచాం, ఎప్పుడైనా అక్కరకొస్తుందని. వారం తర్వాత వెళ్లి గుమస్తాగారికి బ్రౌజర్ తెరిచి చూపించాను: కాటా పోర్టు ఎదురుగా మంచివి లక్షల్లో, చెడ్డవాటి గడిలో సున్నా.

ఆయన కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగి చూశారు. "సున్నా అని పడిందేంది బాబూ, పంజేయటంలా?"